ఆ నూనె ఎక్కడికి పోతున్నది?

ఆదివారం వేకువజామున ఢిల్లీ నుంచి గ్రేటర్ నోయిడా వైపు సాగే ఎక్స్‌ప్రెస్ రహదారిపై స్పోర్ట్స్ కార్లు బారులు తీరి కనిపిస్తాయి. కోట్లు విలువ చేసే ఈ వాహనాలను మూలకు నెట్టగల శక్తి ఒక్కొక్కసారి కొన్ని చుక్కల నూనెకు ఉంటుంది. పవర్ స్టీరింగ్ డబ్బా మూత తీసి చూస్తే మట్టం తగ్గి ఉంటుంది. మెకానిక్ కాస్త నూనె పోసి, "ఏమీ ఫరవాలేదు, సార్" అంటాడు. మరుసటి నెల మళ్ళీ అదే తంతు.

ఫరవా ఉన్నది. ఇంజన్ ఆయిల్ కొంత కాలిపోవచ్చు. పెట్రోలు ఉన్నదే ఖర్చు కావడానికి. పవర్ స్టీరింగ్ నూనె అలాంటిది కాదు. అది మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉండే ద్రవం. దాని మట్టం తగ్గుతూ వస్తున్నదంటే ఎక్కడో కారుతున్నదనే అర్థం. నూనె పోయడం చికిత్స కాదు. కారే చోటును కనిపెట్టాలి.

స్టీరింగ్‌కు ద్రవశక్తిని తోడుచేసే ఆలోచన కొత్తది కాదు. అమెరికన్ ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే ఒక పియర్స్-ఆరో కారుకు ఈ పరికరాన్ని అమర్చి చూపించాడు. అయినా 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ వచ్చేవరకు మామూలు కొనుగోలుదారుకు అది అందలేదు. ఆ సౌకర్యం లేని అంబాసిడర్‌ను ఇరుకు సందులలో తిప్పినవారి భుజాలకు దాని విలువ బాగా తెలుసు!

ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు నూనెను స్టీరింగ్ రాక్‌లోకి నెడుతుంది. చక్రం బాగా తిప్పినప్పుడు ఆ పీడనం వాతావరణ పీడనానికి డెబ్బై ఎనభై రెట్లు, కొన్ని కార్లలో నూరు రెట్లకు పైగా ఉంటుంది. రాక్ అనే దంతాల కడ్డీ ఒక సిలిండరు గుండా పోతుంది. నూనె దానిని నెట్టే వైపుకు మన చేతికి సాయం అందుతుంది. పని ముగించుకొన్న నూనె వేరొక గొట్టం ద్వారా డబ్బాకు చేరుతుంది. ఈ దారిలో ప్రతి అతుకూ, ప్రతి రబ్బరు సీలూ అనుమానించదగినదే.

స్పోర్ట్స్ కారులో వెతకడం మరింత కష్టం. పోర్షే 911నే తీసుకోండి. 1989లో వచ్చిన 964 తరంతో దానికి పవర్ స్టీరింగ్ లభించింది. 2011లో 991 తరం విద్యుత్ మోటారుకు మారేవరకు నూనె పద్ధతే సాగింది. ఇంజనూ, పంపూ వెనుక, రాక్ ముందు. నడుమ గొట్టాలు కారు అడుగున పొడవునా పోతాయి. నేలకు అంత దగ్గరగా కూర్చున్న కారు ఢిల్లీ కాలనీలలోని స్పీడుబ్రేకర్లను ఎక్కి దిగుతూ ఉంటే ఆ గొట్టాల గతి ఏమవుతుందో ఊహించవచ్చు. పైగా అడుగున బిగించిన రేకు మీదుగా నూనె జారి, కారిన చోటుకు ఎంతో దూరాన చుక్కగా పడుతుంది.

మొదట ఆ చుక్క దేనిదో తేల్చుకోవాలి. రాత్రి కారు కింద తెల్లని అట్ట పరచి ఉంచండి. మే, జూన్ నెలలలో కనిపించే తడి చాలావరకు ఏ.సి. నుంచి కారే నీరే. ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుంది. రేడియేటర్ ద్రవానికి తీపి వాసన ఉంటుంది. అది విషం, రుచి చూడరాదు. స్టీరింగ్ నూనె చాలా కార్లలో ఎర్రనిది; 911 వంటి కొన్ని జర్మన్ కార్లలో పచ్చనిది. పాతబడితే రెండూ గోధుమరంగుకు తిరుగుతాయి. అందుచేత డబ్బాలోని నూనెను ఒక చుక్క తీసి అట్టపై మరక పక్కనే వేసి పోల్చడం మేలైన పద్ధతి.

తరువాత ఆ భాగాలన్నింటినీ శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, నూనెను గుర్తు వరకు నింపాలి. ఇంజన్ నడుస్తూ ఉండగా ఒకరు స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పదిసార్లు తిప్పాలి. చివర మాత్రం రెండు మూడు క్షణాలకు మించి పట్టి ఉంచరాదు; పీడనం తారస్థాయికి చేరేది అక్కడే. ఇంజన్ ఆపి టార్చి వేసి చూడండి. నూనె కిందికి జారుతుంది కనుక అన్నింటికంటే ఎత్తున ఉన్న తడి చోటునే ముందుగా అనుమానించాలి. ఇంజన్ నడుస్తూ ఉండగా గొట్టాలను చేతితో తడమకండి. సూదిమొనంత రంధ్రం నుంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి దూరగలదు. అది శస్త్రచికిత్స దాకా పోయే గాయం.

బయట ఎక్కడా తడి లేదు, అయినా మట్టం తగ్గుతున్నది. అసలు చిక్కు ఇదే. రాక్ రెండు చివరలా ముడతల రబ్బరు తొడుగులు ఉంటాయి. వాటిని మెల్లగా నొక్కండి. లోపల ద్రవం కదిలితే రాక్ సీలు పాడయినట్లే. ఆ తొడుగు నెలల తరబడి ఒక్క చుక్కయినా రాల్చకుండా నూనెను దాచగలదు. రెండవ చిక్కు నురగ. డబ్బా నుంచి పంపుకు పోయే గొట్టం అతుకు వదులైతే అక్కడ నూనె కారడానికి బదులు గాలి లోపలికి చొరబడవచ్చు. పంపు మూలుగుతుంది, నూనె పొంగి మూత పక్కగా పోతుంది. దీనికి కావలసినది ఒక చిన్న రబ్బరు రింగో, క్లాంపో మాత్రమే. కనుక ఖరీదైన రాక్ మార్చమన్నవారిని, తడి ఎక్కడున్నదో ముందు చూపించమని అడగండి.

ఢిల్లీ వాతావరణం కూడా తన వంతు పని చేస్తుంది. 45 డిగ్రీల ఎండ, ఇంజన్ వేడి కలిసి రబ్బరును గట్టిపరుస్తాయి. జనవరి ఉదయం నాలుగైదు డిగ్రీల చలికి అదే సీలు బిగుసుకుపోయి కారుతుంది. కారు వేడెక్కాక ఆగిపోతుంది. గ్యారేజీకి తీసుకుపోయేసరికి రోగం కనిపించదు. రాత్రంతా కారును అక్కడే ఉంచి, తెల్లవారగానే చూడమనడమే దీనికి ఉపాయం.

లీకును మాన్పుతామని చెప్పే సీసాల మందులు కొన్ని రబ్బరును ఉబ్బించి కొంతకాలం పని చేస్తాయి. పగిలిన గొట్టాన్ని ఏ మందూ అతకలేదు. పచ్చ నూనె ఉన్న డబ్బాలో ఎర్ర నూనె పోయడం ఇంకా చేటు.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుంది? స్టీరింగ్ తెగిపోదు, చక్రాలతో సంబంధం ఉంటూనే ఉంటుంది. కాని వెడల్పాటి టైర్లున్న కారు మలుపులో హఠాత్తుగా బరువెక్కితే బలహీనమైన చేతులకు చాలదు. పంపుకు కందెన ఆ నూనెయే; అది లేకపోతే పంపు అరిగి, లోహపు పొడి రాక్‌లోకి పోతుంది. పంపు బిగుసుకుపోతే బెల్టు తెగవచ్చు. అదే బెల్టు నీటి పంపును కూడా తిప్పే కార్లలో ఇంజనుకే ముప్పు. వందల డిగ్రీల వేడి గల ఎగ్జాస్ట్ గొట్టంపై నూనె పడితే మంటలు రేగవచ్చు.

1988లో సుజుకి సెర్వో విద్యుత్ స్టీరింగ్‌తో వచ్చింది. నేటి కొత్త కార్లలో అత్యధికం ఆ దారినే పట్టాయి. వాటిలో ఈ నూనె డబ్బా ఉండదు. పాత స్పోర్ట్స్ కార్లకు మాత్రం ఈ బెడద తప్పదు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన తరువాత పాత కార్లు ఎన్నో ఇతర రాష్ట్రాలకు తరలిపోయాయి. అటువంటి కారును హైదరాబాదులోనో, విజయవాడలోనో కొనేవారు ఇంజన్ తళతళలాడుతున్నదని మురిసిపోక, అరగంట నడిపి, అట్ట పరచి, రాత్రంతా ఉంచి, మరునాడు ఉదయం బేరానికి కూర్చోవడం మంచిది.