నిఘా కెమేరాకు రాత్రి చాలని విద్యుత్తు

నరసరావుపేటలో ఒక మిర్చి గోదాము ఉన్నదనుకొందము. గేటు వద్ద అనలాగ్ కెమేరా. 100 మీటర్ల దూరమున ఆఫీసులో, 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చు అడాప్టరు. కెమేరాకు పగలు 0.2 ఆంపియర్లు చాలును. చీకటిపడి పరారుణ దీపములు వెలిగినచో 0.5 కావలెను. రానుపోను 200 మీటర్ల రాగితీగ, మధ్యచ్ఛేదము 0.5 చదరపు మిల్లీమీటర్లైనచో, నిరోధము దాదాపు 7 ఓములు. ఓమ్ నియమము ప్రకారము పగలు 1.4 వోల్టులు, రాత్రి 3.5 వోల్టులు తీగలోనే పోవును. మిగులునది 8.5! సరిగా దొంగ వచ్చు వేళకే బొమ్మ చెదరును.

15 వోల్టులు పంపరాదా? పగలు 13.6 చేరును, అది కొన్ని కెమేరాలకు హానికరము. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నష్టము మూడవ వంతగును. లేదా అడాప్టరునే గేటు వద్ద, వాన తగులని పెట్టెలో ఉంచవలెను. అప్పుడు తీగలో 230 వోల్టులే సాగును, ప్రవాహము స్వల్పము. మాచెర్ల చేరువనున్న నాగార్జునసాగర్ నుండి విద్యుత్తును అధిక వోల్టేజితో పంపుటయు ఇందులకే.