వాచీ వయసు డయల్ చెప్పదు

పాత వాచీ చేతికి రాగానే ఎవరి చూపైనా ముందు డయల్ మీదే పడుతుంది. రంగు ఎంత వెలిసింది, అంకెలు ఏ కాలపు తీరులో ఉన్నాయి, కంపెనీ పేరు ఎలా రాశారు అని చూసి, ఇది ఫలానా దశకంది అని తేల్చేస్తాం. అమ్మేవాళ్లకు కావలసిందీ అదే. కానీ కీ ఇచ్చే వాచీలో తేలిగ్గా మార్చేయగలిగే వాటిలో డయల్ ఒకటి. మిషన్‌ను కేసులోంచి బయటికి తీసి, ముళ్లు లాగి, పక్కన ఉండే చిన్న మరలు వదులు చేస్తే ఊడి వస్తుంది. పాత రంగు గీకేసి, కొత్తది పూసి, కంపెనీ పేరు మళ్లీ అచ్చు వేయవచ్చు. ఈ పని మన దేశంలో ఎంతగా సాగిందంటే, నారింజ, పచ్చ రంగుల్లో ధగధగలాడే పాత సీకోలకూ హెచ్‌ఎంటీలకూ విదేశీ సేకరణకర్తలు ‘బాంబే స్పెషల్’ అని పేరు పెట్టుకున్నారు. అందుకే వాచీ పుట్టిన ఏడాదిని డయల్‌ను బట్టి నిర్ణయించకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు ఆధారాలు ఒకే కాలాన్ని చూపిస్తేనే నమ్మాలి. ఆ ఆధారాల్లో ఎక్కువ భాగం మూత వైపే ఉంటాయి.

జపాన్ సీకో వాచీలు ఇందుకు మంచి ఉదాహరణ. వాటి మూత మీద రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది మోడల్ నంబరు. అందులో మొదటి నాలుగు అంకెలు లోపలున్న మిషన్ రకాన్ని చెబుతాయి. రెండోది సీరియల్ నంబరు. అందులో మొదటి అంకె తయారైన ఏడాదిలోని చివరి అంకె, రెండోది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు ఇంగ్లిషు అక్షరాలు వాడారు. చిక్కల్లా దశకం ఎక్కడా రాసి ఉండకపోవడమే. సీరియల్ 1తో మొదలైతే అది 1961 కావచ్చు, 1971 కావచ్చు, 1981 కావచ్చు. ఇక్కడే మోడల్ నంబరు ఆదుకుంటుంది. 6139 రకం మిషన్ 1969లో వచ్చి, ఆ తర్వాతి దశకమంతా నడిచింది కాబట్టి, అలాంటి వాచీ 1971ది అని ధైర్యంగా చెప్పవచ్చు. అదే 9తో మొదలైతే 1969నా, 1979నా అన్న ప్రశ్న మిగులుతుంది. అప్పుడు నీటికి సంబంధించిన రాతను చూడాలి. తొలినాళ్ల వాచీల మీద ‘ప్రూఫ్’ అని ఉండేది, డెబ్భైల ఆరంభం నుంచి అది ‘రెసిస్ట్’గా మారింది. అయితే డయల్ మీద ‘రెసిస్ట్’ ఉండి మూత మీద ‘ప్రూఫ్’ ఉంటే, ఆ రెండూ ఒకేసారి ఆ కేసులోకి చేరాయా అని అనుమానించాల్సిందే.

చీకట్లో మెరిసే పూత ఇంతకంటే ఆసక్తికరమైన సాక్షి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో దానికి రేడియం వాడేవారు. అమెరికాలో ఆ పూత పూసిన అమ్మాయిలు కుంచె కొసను పెదవులతో సన్నం చేసుకుంటూ జబ్బుపడి చనిపోయిన వైనం 1920లలో బయటపడింది. అరవైల నుంచి ట్రిటియం దాని స్థానంలోకి వచ్చింది. అందుకే ఆ కాలపు స్విస్ డయళ్ల అడుగున ‘స్విస్’ మాట పక్కన ‘టీ’ అక్షరం కనిపిస్తుంది. తొంభైల చివరికి ట్రిటియం కూడా పోయి, వెలుతురును పీల్చుకుని మెరిసే, రేడియోధార్మికత లేని పూతలు వచ్చాయి. ట్రిటియం పన్నెండేళ్లకు కొంచెం పైబడిన కాలంలో సగమవుతుంది. అంటే అరవై ఏళ్లకు దాదాపు ముప్పయ్యో వంతే మిగులుతుంది. కాబట్టి ‘టీ’ ముద్ర ఉన్న అరవైల వాచీ దీపం ఆర్పాక గంటల తరబడి వెలుగుతోందంటే, పూత తర్వాత వేసిందే. రేడియం లెక్క వేరు. అది సగమవడానికి పదహారు వందల ఏళ్లు పడుతుంది. దానితో కలిపిన మెరుపు పొడి దెబ్బతిని వెలుగు ఆరిపోయినా, రేడియోధార్మికత అలాగే ఉంటుంది. అలాంటి డయల్‌ను ఇంట్లో గీకడం, ఊదడం ప్రమాదం.

సీరియల్ నంబరు ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. ఆ నంబరు తాను ఉన్న భాగం సంగతే చెబుతుంది. పాత ఒమేగాల్లో అది మిషన్ మీద ఉంటుంది, రోలెక్సుల్లో కేసు మీద. ఒక కేసులోకి మరో కాలపు మిషన్ చేరితే నంబరు నిజమే చెప్పినా వాచీ అబద్ధమవుతుంది. పైగా సేకరణకర్తలు వాడే పట్టికలు చాలావరకు సుమారు లెక్కలే. మన హెచ్‌ఎంటీకి వస్తే అసలు కష్టం తెలుస్తుంది. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో 1961లో మొదలైన ఆ వాచీల తయారీ, మూసివేత నిర్ణయం వెలువడిన 2016 నాటి వరకూ ఏదో రూపంలో సాగింది. జనతా లాంటి మోడళ్లు పెద్ద మార్పు లేకుండా దశాబ్దాల పాటు వచ్చాయి. అక్కడ మిషన్ చూసి ఏడాది చెప్పడం ఊహే. కొన్న నాటి రసీదు దొరికితే మేలు. అదైనా అమ్మిన తేదీనే చెబుతుంది. వీడ్కోలు సభలో ఇస్తూ మూత మీద చెక్కించిన తేదీ కూడా అంతే. ఆ రోజుకు ముందే తయారైందన్నంత వరకే పనికొస్తుంది.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది. మన ఊళ్లలో వాచీ చేతికి పెట్టుకునే వస్తువు, అద్దాల బీరువాలో దాచుకునేది కాదు. చెమ్మకు మచ్చలు పడిన డయల్‌కు రిపేరు షాపులో రంగు వేయించడం బాగుచేయడమే గానీ మోసం కాదు. ఈ వాదన న్యాయమైనదే. అలాంటి వాచీని తక్కువ చేసి చూడడం కొందరు సేకరణకర్తల డాంబికం. కానీ రంగు వేయించుకోవడం వేరు, రంగు వేసినదాన్ని ‘అసలుది, 1971ది’ అని చెప్పి ఎక్కువ ధరకు అమ్మడం వేరు. ‘మిషన్, కేసు 1971వి, డయల్ తర్వాతది’ అని చెబితే ఎవరికీ పేచీ లేదు. కొనేవారు డబ్బు తీయకముందు మూత విప్పించి లోపలి భాగం చూడాలి. దూరాన ఉంటే ఫొటో అడగాలి. మూత తీస్తే పాడైపోతుందన్న జవాబు వస్తే బేరం అక్కడే ఆపేయడం మంచిది, ఎందుకంటే సర్వీసింగ్ చేసిన ప్రతిసారీ ఆ మూత తెరిచే ఉంటారు.