వైద్యరంగంలో స్త్రీ: సూరత్ చెప్పే కథ

సచిన్‌లో నివసించే మనకు సూరత్ అనగానే స్ఫురించేవి జరీ, వజ్రాలు, చీరల అంగళ్ళు. తెలంగాణ నుంచి వలస వచ్చి మరమగ్గాలపై జీవనం సాగిస్తున్న కుటుంబాల మూలంగా ఆ నగరంలో తెలుగు మాటకూ కొదువ లేదు. అయితే మన దేశపు తొలితరం మహిళా వైద్యులలో ఒకరైన డాక్టర్ రఖ్మాబాయి ఆ నగరంలోనే రెండు దశాబ్దాలకు పైగా స్త్రీల ఆసుపత్రిని నడిపారన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? మాకూ ఇటీవలి వరకు తెలియదు. తెలిసిన సందర్భం కొంత సిగ్గుపడదగినది. దానిని తరువాత మనవి చేసుకొంటాము.

రఖ్మాబాయి 1864లో బొంబాయిలో జన్మించారు. పదకొండవ ఏట వివాహం జరిగింది. కాపురానికి పోక పుట్టింటనే ఉండి చదువుకొన్నారు. ఆమెను కాపురానికి పంపవలసిందిగా భర్త 1884లో న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. మరుసటి ఏడు ఆమెకు అనుకూలంగా తీర్పు వచ్చినా అది నిలువలేదు. భర్తతో కాపురం చేయాలి, లేదా ఆరు నెలలు కారాగారంలో ఉండాలి అని 1887లో ఆజ్ఞ వెలువడింది. ఊహ తెలియని వయస్సులో జరిగిన పెళ్ళికి కట్టుబడుటకంటె చెరసాలయే మేలని ఆమె నిశ్చయించుకొన్నారు. 1888లో రెండు వేల రూపాయలతో రాజీ కుదిరి వ్యాజ్యం ముగిసింది. పిమ్మట లండన్ వెళ్ళి స్త్రీల వైద్య పాఠశాలలో చదివి, పట్టభద్రురాలై, 1895లో సూరత్ చేరారు.

ఆమె పైచదువుకు తోడ్పడిన వారిలో బొంబాయి కామా ఆసుపత్రి వైద్యురాలు ఈడిత్ పీచీ ముఖ్యులు. పీచీ గారి కథ మరొక విచిత్రం. 1869లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేరిన ఏడుగురు స్త్రీలలో ఆమె ఒకరు. రసాయనశాస్త్ర పరీక్షలో ఆమెకు న్యాయంగా దక్కవలసిన పారితోషికాన్ని, స్త్రీ అయిన కారణంగా, ఆమెకంటె తక్కువ మార్కులు వచ్చిన పురుషునికి ఇచ్చారు. ఆ ఏడుగురిలో ఎవరికీ ఆ విశ్వవిద్యాలయం నాడు పట్టా ఇవ్వలేదు. ఈ విషయంలో మన మద్రాసు వైద్య కళాశాల ఎంతో నయం. 1875లోనే స్త్రీలకు ప్రవేశం కల్పించింది.

ఈ చదువుల తగవు వెనుక ప్రాణాల సమస్య ఉన్నది. నాడు పరదా పాటించే ఇండ్లలో పురుష వైద్యుడు రోగిని చూడరాదు. రోగలక్షణాలను ఇంటి మగవారు చెప్పగా విని ఆయన మందు ఇవ్వాలి. పోనీ స్త్రీ వైద్యురాలిని పిలుతామా అంటే, స్త్రీకి వైద్యవిద్య నేర్పరు! రెండు తలుపులూ మూసివేసిన గదిలో బాలింతలు మరణించారు. ఆ తలుపులలో ఒకదానిని తెరిచే ప్రయత్నంగా 1885లో డఫరిన్ నిధి ఏర్పడింది.

మన గుంటూరు ఇందుకు మినహాయింపు కాదు. అమెరికా నుంచి డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అక్కడికి వచ్చారు. ఆమె వైద్యపట్టా పొందినవారే అయినా, పంపిన సంఘం మొదట ఆమెను వైద్యురాలిగా నియమించలేదు. ఇండ్లకు వెళ్ళి స్త్రీలకు చదువు చెప్పే పనికి పంపింది. ఆమె మందులు కూడా వెంట తెచ్చుకొన్నారు. ఆమె పేరు మీద నేటికీ ప్రసిద్ధమైన ఆసుపత్రికి 1898లో ద్వారాలు తెరుచుకొన్నాయి.

వైద్యురాళ్ళు వచ్చిన తరువాత సమస్య తీరిందని అనుకొంటాము. శాస్త్రం లోపలనే ఒక పక్షపాతం మిగిలి ఉన్నది. గర్భధారణకు అవకాశమున్న స్త్రీలను ఔషధాల తొలిదశ పరీక్షల నుంచి మినహాయించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1977లో సూచించింది. థాలిడోమైడ్ విషాదం తరువాత గర్భస్థ శిశువును కాపాడుటే దాని ఉద్దేశం. ఫలితం మాత్రం, పురుషునిపై కొలిచిన మోతాదునే స్త్రీకీ ఇవ్వవలసి రావడం. 1993లో ఆ సూచనను ఉపసంహరించారు. అయినా, జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర స్త్రీల రక్తంలో ఎక్కువసేపు నిలుస్తున్నదని గుర్తించి, వారి మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించింది 2013లో! ఒక యంత్రంపై తీసిన కొలతలతో మరొక యంత్రాన్ని నడిపితే ఏమగునో ఇంజనీర్లమైన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక మా సంగతి. కర్మాగారంలో పంపుల కంపనాలను ప్రతి మాసం కొలిపించి, రిజిస్టరులో వ్రాయించి, సంతకం చేసే మేము, మా శ్రీమతి మెట్లెక్కుతూ ఆయాసపడుతుంటే ఏడాదిపాటు గమనించలేదు. "ఏమండీ, ఈమధ్య ఓపిక ఉండడం లేదు" అని ఆమె అన్నప్పుడు గ్యాస్ మాత్ర తెచ్చి ఇచ్చాము. నెలసరిలో రక్తస్రావం అధికమైన సంగతి ఆమె మాకు చెప్పలేదు; మేమూ అడుగలేదు. ఈ వయస్సులో ఎవరికైనా అంతేనని ఇరుగుపొరుగు స్త్రీలు ఆమెకు సర్దిచెప్పారట. చివరకు ఒకనాడు వంటింట కూలబడినప్పుడు పరీక్ష చేయించగా హిమోగ్లోబిన్ 6.8. స్త్రీలకు 12 ఉండాలి.

మొదట చూపించిన చోట, గర్భసంచి తీసివేస్తే పీడ వదులునని ఐదు నిమిషాలలో తేల్చారు. ఈ సలహా మన వైపు కొత్త కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకొన్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం. ఏండ్ల తరబడి పట్టించుకోకపోవడం, పట్టించుకొన్ననాడు కోసివేయడం! మేము సూరత్‌లో మరొక వైద్యురాలిని సంప్రదించాము. ఆమె స్కానింగు చూచి, మందులతో అదుపు చేయవచ్చునని, ముందు రక్తం పెంచాలని చెప్పారు. రఖ్మాబాయి పేరు మాకు చెప్పినది కూడా ఆమెయే.

రక్తహీనత మా ఇంటికే పరిమితం కాదు. 2019–21 సర్వేలో ఇదే వయస్సు స్త్రీలలో 57 శాతానికి, పురుషులలో 25 శాతానికి అది ఉన్నట్లు తేలింది. గుజరాత్ స్త్రీలలో 65 శాతం. మన సంస్థ వైద్య సదుపాయం ఆశ్రితులకూ వర్తిస్తుంది. అయినా ఏటేటా పరీక్షకు వరుసలో నిలుచునేది మనమే. ఇంట్లోవారికి ఆ కాగితం ఇచ్చామా అని అడిగితే మాలో పలువురు నీళ్ళు నమిలారు.

గత మాసం మా శ్రీమతికి తిరిగి పరీక్ష చేయించగా 11.2 వచ్చింది. 12 దాటిన తరువాత కూడా మూడు నెలలు ఇనుము మాత్రలు మానరాదని డాక్టరు గారి ఆదేశం. మాత్ర వేసుకొన్న వెంటనే టీ త్రాగరాదట. ఆ ఒక్క నియమం మీదనే ఇంట్లో ప్రతి ఉదయం వాదం జరుగుతున్నది.