పరిశోధనలో ఆకరాల నమోదు: తాండూరు, వికారాబాద్ ఆధారాల నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తాండూరు నాపరాయి గనుల మీదనో, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది మీదనో సిద్ధాంత గ్రంథం రాయబూనిన విద్యార్థికి తొలి చిక్కు జిల్లా పేరు దగ్గరే ఎదురవుతుంది. 1956కు ముందు తాండూరు తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం దానిని హైదరాబాద్ జిల్లాలో చేర్చింది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి, 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడినప్పుడు ఇందులోకి వచ్చింది. ఊరు ఉన్నచోటనే ఉన్నా, దానికి సంబంధించిన కాగితాలు నాలుగు జిల్లాల పేర్ల కింద చెదిరిపోయాయి.

ఈ సంగతి గమనించని విద్యార్థి 1951 జనగణన అంకెలను వాడుకొని, గ్రంథసూచిలో ‘వికారాబాద్ జిల్లా జనగణన, 1951’ అని రాశాడనుకుందాం. అటువంటి సంపుటం ఏ గ్రంథాలయంలోనూ ఉండదు. అంకెలు సరైనవే కావచ్చు. పరీక్షకుడికిగాని, ఆ తరువాత అదే విషయం మీద పనిచేసేవారికిగాని వాటిని సరిచూసుకొనే దారి మూసుకుపోతుంది.

2. భయంతో నేర్చిన పద్ధతి

గ్రంథచౌర్య నివారణకు యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చినప్పటి నుంచి మన విద్యార్థులలో ఎక్కువమంది ఆకరాల నమోదును సారూప్య శాతం కోసమే నేర్చుకొంటున్నారు. సారూప్యం పది శాతం దాటి నలభై లోపు ఉంటే సిద్ధాంత గ్రంథాన్ని సవరించి ఆరు నెలల లోపు మళ్లీ సమర్పించాలి. ఆధారం చూపిన ఉటంకింపులనూ, గ్రంథసూచినీ ఈ లెక్కలోకి తీసుకోరు. ఈ మినహాయింపు తెలిసినవారు కూడా ఆధారం చూపామా లేదా అనే చూస్తున్నారు తప్ప, చూపిన ఆధారం దొరుకుతుందా అని ఆలోచించడం లేదు. పర్యవేక్షకులమైన మనం కూడా గ్రంథసూచిని చివరి వారంలో చదవడమే దీనికి కొంత కారణం.

3. ఉపకరణం చేయగలిగినది

ఎండ్‌నోట్ కొనుక్కోవలసినది. మెండలే 2013 నుంచి ఎల్సెవియర్ సంస్థ చేతిలో ఉంది. జొటెరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో మొదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్; ఉచితం. జిల్లా కళాశాలల విద్యార్థులకు దీనినే సూచించడం సబబని నా అభిప్రాయం. పుస్తకాల వివరాలు ఎన్ని నమోదు చేసినా రుసుము లేదు. జతచేసే ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచుకోవడానికి మాత్రం 300 ఎంబీ వరకే ఉచితం.

డీఓఐ ఉన్న ఇంగ్లీషు వ్యాసాన్ని ఇది క్షణంలో నమోదు చేసుకొంటుంది. తెలుగు పుస్తకం దగ్గర ఆ వేగం ఆగిపోతుంది. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిందే 1970లో. అంతకు ముందరి పుస్తకాలకు ఆ సంఖ్య లేదు. స్కాన్ చేసిన పాత ప్రతులను ఉపకరణం గుర్తించలేదు; అంతర్జాలంలో వాటి పేర్లు రోమన్ లిపిలో ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు ఎక్కించినవి. కనుక వివరాలను తెలుగులో చేత్తోనే నింపుకోవాలి. గ్రంథాలయంలో పుస్తకం చేతిలో ఉన్నప్పుడే ముఖపత్రాన్నీ, దాని వెనుక పుటనూ ఫోనుతో ఫొటో తీసి ఆ నమోదుకు జతచేస్తే, ముద్రణ సంవత్సరం కోసం మళ్లీ హైదరాబాద్ బస్సు ఎక్కే అవసరం ఉండదు.

4. ఇంటిపేరు, ముద్రణ, సంవత్సరం

సురవరం ప్రతాపరెడ్డి పేరులో ఇంటిపేరు ముందుంటుంది. ఇంగ్లీషు పద్ధతి ప్రకారం చివరి మాటను ఇంటిపేరుగా నమోదు చేస్తే ఏపీఏ శైలిలో ఆయన ‘రెడ్డి, ఎస్. పి.’ అయిపోతారు. తెలంగాణ చరిత్ర మీద రాసిన గ్రంథసూచిలో అటువంటి రెడ్లు ఎందరుంటారో చెప్పనక్కరలేదు. జొటెరోలో రచయిత పేరు పక్కనున్న గుర్తును నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి. అందులో పేరును తెలుగు వరుసలో రాస్తే అది అలాగే అచ్చవుతుంది. ప్రభుత్వ శాఖలను రచయితలుగా చూపేటప్పుడు కూడా ఇదే మార్గం.

ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తొలి ముద్రణ 1949. విద్యార్థి చూసింది తరువాతి ముద్రణ అయితే తేదీ గడిలో తాను చూసిన ముద్రణ సంవత్సరమే ఉండాలి, ఎందుకంటే పుటసంఖ్యలు దానివి. తొలి ముద్రణ సంవత్సరాన్ని ‘ఎక్స్‌ట్రా’ గడిలో చేర్చవచ్చు.

జిల్లా పేర్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. శీర్షికలో ‘గుల్బర్గా’ అని ఉంటే గుల్బర్గా అనే రాయాలి. ‘వికారాబాద్ జిల్లా’ అనే నేటి పేరును ట్యాగుగా పెట్టుకొంటే, నాలుగు జిల్లాల కాగితాలూ ఒక్క వెతుకులాటలో కనిపిస్తాయి.

నిజాం కాలపు ఉర్దూ నివేదికల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. వాటి మీద ఉండేది ఫసలీ సంవత్సరం. 1350 ఫసలీ అంటే 1940-41. తేదీ గడిలో 1350 అని నింపితే ఉపకరణం దానిని క్రీస్తుశకంగానే తీసుకొని, ఆ నివేదికను కాకతీయుల పతనం తరువాతి దశాబ్దాలలో కూర్చోబెడుతుంది. తేదీ గడిలో క్రీస్తుశకం వేసి, ఫసలీ సంవత్సరాన్ని శీర్షికలో ఉన్నది ఉన్నట్టుగా నిలుపుకోవాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఆకరాలను వేరువేరు పట్టికలుగా విడదీయడం మాత్రం జొటెరో తనంతట తాను చేయదు; సమర్పణకు ముందు ఆ పని విద్యార్థే చేత్తో చేసుకోవలసి ఉంటుంది.