స్థూలకాయము – స్త్రీల శస్త్రచికిత్స

పసుపు త్రవ్వి, ఉడికించి, ఆరబెట్టి, బస్తాలకెత్తిన పిమ్మటగాని మోర్తాడ్ ప్రాంతపు ఇల్లాలికి తన ఒంటి సంగతి గుర్తుకు రాదు. నెలనెలా రక్తము మితిమీరి పోవుచున్నను, నాలుగడుగులు వేసిన ఆయాసము వచ్చుచున్నను, పని ముగియనిమ్మని సరిపెట్టుకొనును. తుదకు ఆర్మూరు మీదుగా నిజామాబాదుకు పోయి పరీక్ష చేయించుకొన్నచో, గర్భసంచిలో గడ్డలున్నవనియు, ఆపరేషను కావలెననియు తెలియును. అంతలోనే మరియొక మాట వినబడును: “నీ బరువు చాలా ఎక్కువమ్మా, మత్తు ఇచ్చుట ప్రమాదము. బరువు తగ్గించుకొని రా.” ఇల్లు చేరిన ఆ తల్లికి బరువు తగ్గదు, రక్తము ఆగదు. ఇట్టివారు ఏమి చేయవలెనో తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వైద్యుల భయము నిరాధారమైనది కాదు. స్థూలకాయము గలవారు వెల్లకిల పరుండినప్పుడు పొట్ట బరువు ఊపిరితిత్తులపైకి ఒత్తుకొనును. మత్తులో శ్వాస మరింత తగ్గును. గొంతులోనికి గొట్టము వేయుటయు కష్టమగును. నిద్రలో పెద్దగా గురక పెట్టుచు, నడుమ నడుమ ఊపిరి ఆగువారికి ఈ అపాయము హెచ్చు. ఆపరేషను తరువాత కాలి నరములలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చును. కోసినచోట చీము పట్టవచ్చును.

మత్తు ఇచ్చునప్పుడు శ్వాసను కనిపెట్టి ఉండవలెనను మాట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదులో రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యమున, నిజాం ప్రభుత్వపు వ్యయముతో, క్లోరోఫారముపై రెండు సంఘములు పరిశోధన జరిపినవి. నాడి కంటె శ్వాసనే ముఖ్యముగా గమనించవలెనని అవి తేల్చినవి. క్లోరోఫారము గుండెను సైతము దెబ్బతీయునని తరువాత తెలిసినది. అయినను శ్వాసపై జాగ్రత్త మాత్రము నిలిచినది. నేడు వ్రేలికి తగిలించు చిన్న పరికరము రక్తములోని ప్రాణవాయువును క్షణక్షణము చూపుచున్నది.

కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తును రెండుమార్లు హెచ్చవేయగా వచ్చిన సంఖ్యతో భాగించవలెను. 150 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు గల స్త్రీకి ఈ లెక్క 40 వచ్చును. భారతీయులలో 25 దాటినచో స్థూలకాయమందురు. కాని ఈ ఒక్క సంఖ్యయే తీర్పు కాదు. అదే బరువుతో చేనికి నడచిపోవు స్త్రీ వేరు; మధుమేహము, రక్తపు పోటు ఉండి కూర్చున్నచోటనే ఆయాసపడు స్త్రీ వేరు.

అమెరికా ప్రసూతి, స్త్రీరోగ నిపుణుల సంస్థ 2015లో ఈ విషయమై సలహా ప్రకటించినది. గర్భసంచిని తీయవలసి వచ్చినచో, వీలైనంతవరకు పొట్టను పెద్దగా కోయక, యోనిమార్గమునగాని లాపరోస్కోపుతోగాని తీయుట స్థూలకాయులకు మేలని దాని సారాంశము. యోనిమార్గమున చేయు ఆపరేషనుకు పలుమార్లు వెన్నులో ఇచ్చు మత్తుమందే చాలును.

కనుక ‘కాదు’ అన్న మాట వినగానే వెనుదిరుగవలదు. “ఏ అపాయమునకు భయపడుచున్నారు? మత్తు వైద్యునికి ముందుగా చూపించెదరా? వేరొక విధముగా చేయ వీలున్నదా? ఇచ్చట కానిచో ఎచ్చటికి పోవలెను?” అని మర్యాదగా అడుగవలెను. పై ఆసుపత్రికి చీటీ, పరీక్షల కాగితములు తీసికొనవలెను. నిజామాబాదులో 2013 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల కలదు. అంతకు మించిన ఏర్పాట్లకు హైదరాబాదులో గాంధీ, నిమ్స్ ఆసుపత్రులున్నవి. ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణమున 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరిగినది. తమ చికిత్స అందులో చేరునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనవచ్చును.

అసలు ఆపరేషనే కావలెనా అనియు అడుగవలెను. 2015–16 జాతీయ సర్వే ప్రకారము 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు ముగ్గురు కాగా, తెలంగాణమున ఏడుగురికి పైగా ఉండిరి. రక్తస్రావమును తగ్గించు మాత్రలున్నవి. గర్భసంచిలో అమర్చు హార్మోను లూపు ఉన్నది. అనేకులకు ఇవియే చాలును. అయితే ఒక్క హెచ్చరిక: కొవ్వు ఎక్కువైనచో గర్భసంచి లోపలి పొరకు క్యాన్సరు వచ్చు అవకాశము పెరుగును. ముట్లు ఆగిన పిమ్మట రక్తము కనబడినచో ఆ పొరను వెంటనే పరీక్షింపజేయవలెను. క్యాన్సరని తేలినచో బరువు తగ్గువరకు నెలల తరబడి వేచియుండుటయే పెద్ద అపాయము.

వేచియుండుటకు వ్యవధి ఉన్నచో దానిని వ్యర్థము చేయరాదు. రక్తహీనతకు ఇనుము మందులు, మధుమేహమునకు తగు చికిత్స తీసికొనవలెను. ఉపవాసములు వలదు, అన్నము తగ్గించి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు పెంచవలెను. బీడీలు చుట్టు సోదరీమణులు గంటకొకసారి లేచి నాలుగడుగులు నడువవలెను. పది కిలోలు తగ్గకున్నను, చక్కెర, రక్తపు పోటు అదుపులోనికి వచ్చినచో అపాయము కొంత తగ్గినట్లే.

ఇంటివారికి మా మనవి: ఆమె శరీరమును చూచి పరిహసింపకుడు. ఆసుపత్రికి ఆమెతో ఒకరు వెళ్లుడు. చెప్పిన మాట విని, అడుగవలసినది అడుగుడు. ‘బరువు తగ్గి రా’ అన్నమాట చికిత్సకు ఆరంభము కావలెనేగాని ముగింపు కారాదు.