పికప్ బండిలో పడక

1960లో అమెరికా రచయిత జాన్ స్టెయిన్‌బెక్ పికప్ ట్రక్కు వెనుక చిన్న గది అమర్పించుకొని, చార్లీ అనే కుక్కతో దేశం చుట్టివచ్చాడు. మనవారిలోనూ కొందరికి ఆ కోరిక కలుగుతుంది. మంచిదే! అయితే మన దేశంలో బండి ఆకారం మార్చాలంటే ఆర్.టి.ఓ. అనుమతి ఉండాలి.

బరువు చూడండి. రోజుకు మనిషికి 5 లీటర్ల చొప్పున నలుగురికి రెండు రోజుల నీళ్లే 40 కిలోలు! బరువైనవి అడుగున, వెనుక ఇరుసుకు ముందు కట్టాలి. పైన మోపితే మలుపులో బండి ఒరుగుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది గాలి. చలిగా ఉందని తలుపులు మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకొనవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీ ఓరగా తెరిచినా చాలదు. వంట బయటే చేసుకోండి. బండి నడిచేటప్పుడు వెనుక పిల్లలను పడుకోబెట్టవద్దు, ఎంత బతిమాలినా సరే.