రహీం సాహెబ్: బడి మైదానం నుంచి జకార్తా స్వర్ణం దాకా

1962 సెప్టెంబరు 4న జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్‌లో భారత్ 2-1 గోల్స్ తేడాతో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణ పతకం గెలుచుకుంది. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆ పతకం మళ్లీ మన దేశానికి రాలేదు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా హైదరాబాద్‌కు చెందిన బడిపంతులు. ఆ విజయం తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. నేటికీ నగరంలోని ఫుట్‌బాల్ అభిమానులు ఆయనను ‘రహీం సాహెబ్’ అనే ప్రస్తావిస్తారు.

ఉపాధ్యాయుడే శిక్షకుడు

1909లో జన్మించిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు తదితర పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, విద్యార్థుల క్రీడల బాధ్యతను చేపట్టారు. 1943 నుంచి మరణించే వరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా వ్యవహరించారు.

ఆయన బోధనలో ఉపాధ్యాయుడి పద్ధతి స్పష్టంగా కనిపించేది. బంతిని ఒక్కరే అట్టిపెట్టుకోకుండా వెంటనే సహచరుడికి అందించే అలవాటు కలిగించేందుకు, డ్రిబ్లింగ్‌ను నిషేధించి పోటీలు నిర్వహించేవారు. కుడికాలి ఆటగాళ్లు ఎడమ కాలితోనే ఆడవలసిన పోటీలు కూడా ఉండేవి. బలహీనతను దాచుకోవడం కాదు, సాధనతో దానిని అధిగమించడం ముఖ్యమన్నది ఆ పద్ధతి సారాంశం.

సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం సాధనకు వచ్చేందుకు సైకిలు అద్దె కూడా చెల్లించలేని స్థితిలో ఉండగా, ఆ డబ్బును రహీమే ఇచ్చేవారు. అనంతర కాలంలో బలరాం ఈ విషయాన్ని కృతజ్ఞతతో గుర్తుచేసుకునేవారు. ఆ కుర్రవాడే 1956, 1960 ఒలింపిక్ జట్లలోనూ, జకార్తా విజేతల్లోనూ ఒకరయ్యారు.

విజయాల పరంపర

రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరంగా ఓడింది. ఆ ఓటమి నుంచి పాఠాలు నేర్చుకున్న జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచింది.

జకార్తాలో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో భారత్ ఓటమి పాలైంది. రక్షణ శ్రేణిలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమైతే, రహీం ఆయనను ముందు వరుసకు మార్చారు. సెమీఫైనల్‌లోనూ, ఫైనల్‌లోనూ జర్నైల్ గోల్స్ సాధించారు. ఫైనల్‌లో మరో గోల్ పి.కె. బెనర్జీది.

దక్కిన గౌరవం, దక్కనిది

ఇంతటి ఘనత ఉన్నప్పటికీ రహీంకు పద్మ పురస్కారం లభించలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం ఆయన మరణించిన 22 ఏళ్లకు, 1985లో, ప్రారంభమైంది. ఫుట్‌బాల్ శిక్షకుడిగా 1990లో దానిని అందుకున్న సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీయే కావడం విశేషం. రహీం జీవితం ఆధారంగా అజయ్ దేవగణ్ కథానాయకుడిగా రూపొందిన ‘మైదాన్’ చిత్రం 2024లో విడుదలై, కొత్త తరానికి ఆయన పేరును పరిచయం చేసింది.

అంతవరకు ఆ పేరును కాపాడినది ప్రధానంగా శిష్యుల మాటే. ఇది ఒక్క హైదరాబాద్‌కే పరిమితమైన అనుభవం కాదు. తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు నగరంలో బాలికలకు బాస్కెట్‌బాల్ నేర్పిన రాజేశ్ పటేల్ 2018లో మరణించారు. ఆయన వద్ద శిక్షణ పొందిన పలువురు భారత జట్టుకు ఆడారు. ఆటలు వేరైనా, శిక్షకుడి కృషికి శిష్యుల ప్రగతే సాక్ష్యమన్నది రెండు చోట్లా నిజం.

అయితే ఆ సాక్షులు క్రమంగా కనుమరుగవుతున్నారు. జకార్తా జట్టు కెప్టెన్ చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ 2020లో మరణించారు. రహీం కుమారుడు, 1960 రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యుడు ఎస్.ఎ. హకీం 2021లో, బలరాం 2023లో కన్నుమూశారు. ఇకపై రహీం జ్ఞాపకం వ్యక్తుల మాటల మీద కాక, సంస్థల శ్రద్ధ మీద ఆధారపడవలసి ఉంది.

1956-57, 1957-58 సంవత్సరాల్లో సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ గెలుచుకోగా, 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు విజేతగా నిలిచింది. ఆ తరువాత తెలుగు రాష్ట్రాలకు ఆ ట్రోఫీ దక్కలేదు. నాటి వైభవం ఆటస్థలం ఉన్న పాఠశాలల నుంచి, సాయంత్రం పిల్లలతో మైదానంలో నిలబడిన ఉపాధ్యాయుల నుంచి పుట్టింది. రహీం సాహెబ్‌కు విగ్రహమో, పురస్కారమో సముచితమే. దానితోపాటు ప్రతి బడికీ ఒక ఆటస్థలం, ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు ఉండేలా చూడడం ఆయన చేసిన పనిని కొనసాగించడమే అవుతుంది.